కుప్పం ఇంటి చెక్క అంచు

పుంగనూరులో సిద్ధప్పాచారి గారు పరమపదించారన్న వార్త సోమవారం ఉదయం అందింది. చేతిలోని ఉలి కింద పెట్టేశాను. తొమ్మిదేళ్లు ఆయన పక్కన పనిచేసినవాణ్ణి. మొదట కలిగింది దుఃఖమే. మదనపల్లెలో సంతాపసభకు వెళ్లివచ్చాక మిగిలింది జుగుప్స.

తొంభైల చివర బెంగుళూరు నుంచి చెక్క ఫ్లోరింగు మా వైపు వచ్చింది. పొరలు పొరలుగా అతికించిన పలకలవి. గది చుట్టూ వాటి నడుమ ముదురు రంగు చెక్కతో అలంకారపు అంచు పొదగడంలో ఆచారి గారు అద్వితీయులు. మూలల్లో రెండు అంచులు కలిసేచోట కాగితం కూడా దూరేది కాదు. పని ముగిశాక చెప్పులు విడిచి, కళ్లు మూసుకొని అంచు వెంబడి నడిచేవారు. "కన్ను మోసపోతాదప్పా, అరికాలు మోసపోదు" అనేవారు.

కుప్పంలో ఒక కొత్త ఇంటి పని ఆయన పేరు మీదే ఒప్పుకున్నాం. ఆచారి గారు కాంక్రీటు నేల మీద ప్లాస్టిక్ కాగితం అతికించి, మర్నాడు ఎత్తి చూపించారు. అడుగున నీటి బొట్లు. ఇంకో నెల ఆరాలన్నారు. గృహప్రవేశం దగ్గరపడిందని ఆ ఇల్లు కడుతున్న మదనపల్లె కాంట్రాక్టరు ఒప్పుకోలేదు.

"పైన మెరిస్తే సాలు. కింద తడి ఎవురు సూస్తారు?" అన్నాడు.

ఆచారి గారు పనిముట్లు సర్దుకొని పుంగనూరు బస్సెక్కారు. నేను ఉండిపోయాను. మదనపల్లెలో తన పనులన్నీ నాకే ఇస్తానని కాంట్రాక్టరు ఆశపెట్టాడు. ఆచారి గారు గీసిన నమూనాతోనే నాలుగు రోజుల్లో అంచు పరిచాను.

వానలు మొదలయ్యేసరికి చెక్క ఉబ్బి అంచు పైకి లేచింది. ఇంటి యజమాని తల్లి దానికి కాలు తగిలి పడి, మణికట్టు విరగ్గొట్టుకుంది. అది సిద్ధప్పాచారి పనేనని కాంట్రాక్టరు అందరికీ చెప్పాడు. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు. ఆ తరువాత కుప్పం వైపు నుంచి ఆయనను ఎవరూ పనికి పిలవలేదు.

ముసలావిడ పడిందని విని ఆయనే ఆ ఇంటికి వచ్చారు; నేనూ అక్కడే ఉన్నాను. మోకాళ్ల మీద కూర్చొని మూల తడిమి చూశారు.

"ఈ కోత నీదే గదప్పా. కోత బాగుండాది. తడి నేల మీద యాల పరిస్తివి?"

ఆయన రెండోసారి అడగలేదు. అంచంతా ఊడదీసి, నేల ఆరేదాకా ఆగి, ఒక్కరే తిరిగి పొదిగారు. మళ్లీ నన్ను పనికి పిలవలేదు.

సంతాపసభలో ఆ కాంట్రాక్టరే పటానికి పూలమాల వేసి, తన పొరపాటును తానే దిద్దుకున్న మహానుభావుడని ఆయనను కీర్తించాడు. ఆచారి గారి భార్య మునెమ్మ గారు ముందు వరుసలో తలవంచుకొని వింటున్నారు. తరువాత నేనూ వేదికెక్కాను. శిల్పి, ఋషితుల్యుడు అంటూ విశేషణాలు వల్లించి దిగాను. నిజం ఒక్కటి తప్ప అన్నీ పలికిన ఆ నాలుక మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పుంగనూరు వెళ్లి మునెమ్మ గారికి అంతా చెప్పుకున్నాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

"నాకు తెలుసప్పా. ఆయప్ప ఆ పొద్దే చెప్పినాడు. నీవే వచ్చి చెప్తావని ఇన్నేండ్లూ ఎదురుసూస్తా ఉండె."

కాబట్టి అందరికీ తెలిసేలా రాస్తున్నాను. కుప్పం ఇంట్లో చెడిన పని నాది, నిలిచిన పని ఆయనది. ఆ మహాశిల్పి పాదాలకు నమస్కరించే అర్హత నాకు లేదని తెలిసే నమస్కరిస్తున్నాను. ఆయనలా అంచు పొదగగలవాళ్లు రేపు ఎవరైనా రావచ్చు. తడి నేల మీద పని చేయనని లేచి వెళ్లిపోగలవారు మా వైపు ఆయనొక్కరే ఉండేవారు.