తొంభై ఆరు కుట్లూ, ‘వర్క్’ అనే మాటా

1979 జూలై. నరసాపురంలో ఒక లేసు ఎగుమతి వ్యాపారి దగ్గర నేను కరస్పాండెన్స్ క్లర్కుగా చేరి అప్పటికి పదకొండో సంవత్సరం. విదేశీ ఉత్తరాలు చదివి జవాబులు టైపు చేయడం, వచ్చిన తేదీ, పంపిన తేదీ రిజిస్టరులో ఎక్కించడం నా విధి.

ఆ నెల తొమ్మిదో తేదీన ఒక కొత్త కొనుగోలుదారు నుంచి కవరు వచ్చింది. గుండ్రని టేబుల్ మ్యాట్లు కావాలని రాశారు. మామూలుగా ఉత్తరంతోపాటు శాంపిల్, అంటే అల్లిన నమూనా ముక్క వస్తుంది. మా అల్లికవారు దాన్ని వేళ్లతో తడిమి, కుట్లు లెక్కపెట్టి, అచ్చంగా దించేస్తారు. ఈసారి ముక్క లేదు. ప్యాటర్న్ మాత్రమే ఉంది. ఏ రౌండులో, అంటే అల్లిక ఏ చుట్టులో, ఏం చేయాలో ఇంగ్లీషులో రాసిన కాగితం అది. పద్దెనిమిదో తేదీ పార్సెల్లో మా శాంపిల్ వెళ్లకపోతే ఆర్డరు పాలకొల్లు వ్యాపారులకు పోతుంది. అది వస్తే, మాకు అల్లిక చేయించి ఇచ్చే మహాలక్ష్మమ్మ గారి కింద అల్లే ముప్పై ఇద్దరు ఆడవాళ్లకు వానాకాలమంతా పని ఉంటుంది. రాకపోతే సూదులు పక్కన పెట్టాల్సిందే.

కాగితం నిండా ‘వర్క్’ అనే క్రియే. వర్క్ ఇంటూ, వర్క్ ఆఫ్, వర్క్ ఓవర్, వర్క్ రౌండ్. నిఘంటువు తీశాను. ఆ ఒక్క మాట కింద పని చేయుట, నడుచుట, పులియుట అంటూ రెండు నిలువు వరుసల అర్థాలున్నాయి, లేసు ఊసు లేదు. చివరకు అన్నిచోట్లా ‘అల్లవలెను’ అని తెలుగు చేసి, అంకెలు మాత్రం రెండుసార్లు సరిచూసి మహాలక్ష్మమ్మ గారికి చదివి వినిపించాను.

పన్నెండో తేదీన మహాలక్ష్మమ్మ గారు వచ్చి ముక్కను నా బల్ల మీద పెట్టారు. అది గిన్నెలా ముడుచుకుపోయింది.

“తొమ్మిదో రౌండుకి తొంభై ఆరు కుట్లని మీరే రాశారు. మీరు చెప్పినట్టు అల్లితే డెబ్బై రెండే వచ్చాయండి. ఆ ఇరవై నాలుగూ ఎక్కడ మింగేశారు గుమాస్తా గారూ?”

ఆవిడకు అంకెలు తప్ప అక్షరాలు రావు. చాప మీద కూర్చుని, మాట ఎక్కడెక్కడ మారుతుందో వింటానంటూ, తెలుగు మానేసి ఇంగ్లీషు ముక్కే చదవమన్నారు. చదివాను. ప్రతి మూడో కుట్టు కన్నంలోనే సూదిని రెండుసార్లు దింపుతూ రౌండు పూర్తిచేశారు. నేనే లెక్కపెట్టాను, తొంభై ఆరు. వర్క్ ఇంటూ అంటే అదన్నమాట. వర్క్ ఆఫ్ దగ్గర కొక్కెం సూది మీది లూపులను, అంటే దారపు ఉచ్చులను, అన్నీ ఒక్కసారే లాగి చూశారు. అంకె కలవలేదు. రెండేసి చొప్పున లాగారు. కలిసింది. వర్క్ రౌండ్ కూడా అలాగే తేలింది.

పదహారో తేదీ సాయంత్రానికి పద్నాలుగు రౌండ్ల మొత్తాలూ కాగితంతో సరిపోయాయి. శాంపిల్ సిద్ధమని ఎక్కించడానికి నేను రిజిస్టరు తెరిచాను. ఆవిడ ముక్కను గచ్చు మీద పరిచారు. అంచు కొద్దిగా పైకి లేచి ఉంది.

“అంకె సరిపోయింది కదండీ,” అన్నాను.

“సరిపోయిందండి. ముక్క పడుకోలేదు.”

నేను అడ్డు చెప్పేలోగా నాలుగు రౌండ్లు విప్పేశారు. గడువు రెండు రోజులు. మిగిలింది వర్క్ ఓవర్. ఆ వాక్యం మళ్లీ చదివించుకున్నారు. ఈసారి గొలుసు కుట్లలో సూది గుచ్చకుండా, గొలుసు మొత్తాన్ని కప్పుతూ అల్లారు. పదిహేడో తేదీ మధ్యాహ్నం మళ్లీ పరిచారు. ఒక్క కుట్టూ పెరగలేదు, తగ్గలేదు. ముక్క మాత్రం నేలకు అంటుకుని పడుకుంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో అప్పుడు తెలియదు.

శాంపిల్ పద్దెనిమిదిన వెళ్లింది. ఆగస్టు ఇరవై ఏడున ఆర్డరు వచ్చింది.

తర్వాత నేను అడిగితే ఆవిడ నాలుగు చిన్న ముక్కలు అల్లి ఇచ్చారు, నాలుగు రూపాలకు నాలుగు. నిఘంటువులో ‘వర్క్’ ఉన్న పుటకు వాటిని గుండుసూదులతో గుచ్చాను. ఇప్పుడు ఆ పుస్తకం ఆ పుట దగ్గర సరిగా మూతపడదు. అంకెలు కలిశాక కూడా రిజిస్టరులో సంతకం పెట్టేముందు ఒక్క క్షణం ఆగి, ముక్క పడుకుందా అని చూడడం ఆ రోజునుంచే నాకు అలవాటైంది.