కప్పకు ఉప్పు మందు

2022 వేసవి. పలాసలో స్టేషన్‌కు వెళ్లే దారిలో నాది అక్వేరియం షాపు. చేపలతో పాటు ఆఫ్రికన్ డ్వార్ఫ్ ఫ్రాగ్స్ కూడా అమ్ముతాను. బొటనవేలంత కప్పలు, బతుకంతా నీళ్లలోనే, ఊపిరికి మాత్రం పైకొస్తాయి. "కప్పని కొనుక్కోడమేటి, వానొత్తే ఊరంతా అవే కదా" అని నవ్వేవాళ్లే ఎక్కువ. వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

నవ్వకుండా కొన్న మనిషి జలంత్రకోట కొబ్బరి రైతు జోగారావు మావ. కిడ్నీలు పాడై డయాలసిస్‌కి పలాస వచ్చేవాడు. ఇంటిదగ్గర మంచం మీంచి చూసుకోవడానికని ఒక ట్యాంకు, రెండు కప్పలు పట్టుకెళ్లాడు.

ఒకరోజు మూతకి చిల్లులు పెట్టిన డబ్బాతో వచ్చాడు. అందులో ఒక కప్ప పూరీలా ఉబ్బిపోయి తేలుతోంది. దీన్ని మేం బ్లోట్ అంటాం, అంటే ఒంట్లో నీరు చేరడం. ఇది వచ్చాక బతికేవి తక్కువ.

"మన ఊరి జబ్బే దీనికీ వొచ్చీసినట్టుందల్లుడూ. మా ఇంటిది దీన్ని సూసి ఒకటే ఏడుపు. ఎలాగైనా బతికించు," అన్నాడు.

"ఏ నీళ్లు పోస్తున్నావు మావా?"

"బోరు నీళ్లు సుక్క ముట్టనివ్వనేదు. నాను తాగే క్యాన్ నీళ్లే."

ఆర్వో ప్లాంటు నీళ్లన్నమాట. ఇంటింటా కిడ్నీ జబ్బులున్న మా ఉద్దానంలో, అవి బోరు నీళ్ల వల్లేనేమోనని భయం; ప్రాణంగా చూసుకునేవాళ్లకి క్యాన్ నీళ్లే పెడతారు. రోజుకి కొలిచిన గుక్కలే తాగాల్సిన మనిషి, తన దాహం చంపుకుని కప్పలకి క్యాన్లకి క్యాన్లు గుమ్మరించాడు. తిట్టబోయి నాలుక కరుచుకున్నాను.

కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. ఆర్వో మెషీన్ నీటిలోని లవణాలు తీసేస్తుంది. అలాంటి నీళ్లలోనే ఉంటే ఒంట్లోకి నీరు అతిగా దిగిపోతుంది. కారణం అదేననిపించి, వేరే టబ్‌లో కొలిచి కాస్త ఉప్పు కలిపాను.

మావ గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. "ఉప్పా! ఉప్పు తింటే నీరు పడతాదని నాకు మానిపించీసినారు. దీన్ని సంపేత్తావేటి?"

"నీకు చెరుపు చేసేదే దీనికి మందు. నన్ను నమ్ము మావా."

కప్పనీ నన్నూ మార్చి మార్చి చూసి, చెయ్యి వదిలాడు.

కప్పని నా దగ్గరే ఉంచుకున్నాను. ఇంట్లో రెండోదాని కోసం, క్యాన్ నీళ్లలో కలపడానికి మినరల్ పౌడర్ ఇచ్చి పంపాను. లవణాలుండే బోరు నీళ్లు పోయమని ఆ మాటెత్తి ఆయన్ని భయపెట్టడం నాకిష్టం లేకపోయింది. షాపు తెరవగానే దేవుడి పటం కంటే ముందు ఆ టబ్బే చూసేవాణ్ణి. నెమ్మదిగా ఉబ్బు తగ్గింది. ఓ పొద్దున్న అది అడుగుకి దిగి, మేతగా వేసిన ఎర్రపురుగుని ముందుకాళ్లతో నోట్లోకి తోసుకుంది. ఎవరూ లేకపోయినా పైకే "అమ్మయ్య" అన్నాను.

డయాలసిస్‌కి వెళ్తూ మావ వచ్చాడు. కాళ్ల వాపుకి చెప్పుల పట్టీ లోపలికి దిగబడి ఉంది. టబ్‌లోకి వంగి చూసి, కళ్లనిండా నవ్వాడు.

"సూసినావా అల్లుడూ! మా ఇంట్లో ఒకలికైనా పూర్తిగా నయమైపోనాది."

ఆ మాటలో అసూయ వెతికినా దొరకలేదు నాకు. కప్పలడిగిన వాళ్లని ఇప్పుడు ముందు నీళ్ల సంగతే అడుగుతాను. అది వృత్తి నేర్పిన పాఠం. తన ఒంటికి దొరకని ఆరోగ్యం ఇంకో ప్రాణికి దొరికితే అంతగా మురిసిపోవచ్చని జోగారావు మావ నేర్పాడు. అది నాకింకా పూర్తిగా రాలేదు.