ఉట్టిదోసను కాల్చిన రోజు

ఇటు దగ్గరికి జరిగి కూర్చోండి, దూరం నుంచి వింటే నా మాట అందదు. ఇది చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది, ముందే చెబుతున్నాను. నాకు ఎనభై దాటాయి, ఆ కోపం మాత్రం చల్లారలేదు.

నా చిన్నప్పుడు, వరంగల్ నుంచి ములుగు పోయే బాట మీది మా ఊళ్లో ఉట్టిదోస అని ఒక కాయ కాసేది. చిన్న చెంబంత కాయ. పసుపు మీద ఆకుపచ్చ చారలు, మందమైన తోలు. జొన్నచేలో సాళ్ల మధ్య పాకేది. పండిన కాయను ఉట్టిలో పెట్టి వేలాడదీస్తే ఎండాకాలం పోయేదాకా కుళ్లేది కాదు. నైజాం రోజులవి. పండిన ధాన్యంలో మంచిదంతా సర్కారు లెవీకి కొలిచి ఇచ్చేవాళ్లం. చెరువు ఎండి, చేలు బీడుపడ్డ ఆ రెండు నెలలూ ఊళ్లో కూర అంటే ఆ కాయే. జొన్నరవ్వతో కాచిన గటకలో దాని పులుసు పోసుకుని మా ఇంట్లో అయిదుగురం వానలదాకా నెట్టుకొచ్చేవాళ్లం.

దాని విత్తనం దాచేది మా నాయనమ్మ. మొదటి కాపులో బాగా పండిన కాయల గింజలు తీసి, కడిగి ఆరబెట్టి, ఆవుపేడలో కలిపి, పిడకల్లాగా తట్టి వంటింటి గోడకు కొట్టేది. అలా ఉంచితే పురుగు పట్టదు, ఎలుక ముట్టదు. తొలకరి పడగానే పిడక చిదిపి ఊరంతటికీ పిడికెడు పిడికెడు పంచేది. ఎవరూ కాదనేవారు కాదు, ఎవరూ తమ ఇంట్లో దాచుకునేవారూ కాదు. పంచే వేళకు నేను వాననీళ్లలో ఆడుకునేదాన్ని, ఆ పిడకల్లో ఏముందో నాకు ఎవరూ చెప్పలేదు. నాకప్పుడు ఎనిమిదేళ్లు.

ఆ ఏడు ఉట్టిలోని ఆఖరి కాయ అయిపోయిన పదిరోజులకు మొదటి వాన పడింది. మా అమ్మ చలిజ్వరంతో పడుకుంది. నాయనమ్మ, నాయన తెల్లారకముందే చేనుకు పోతూ గటక కాయమని నాకు చెప్పిపోయారు. బయట పేర్చిన పిడకలు నీళ్లోడుతున్నాయి. పొయ్యి ఎంతకీ రాజుకోదు, పొగకు కళ్లు మండుతున్నాయి. తల ఎత్తి చూస్తే గోడమీద నాలుగు పిడకలు, ఎండి గలగలమంటున్నాయి. పీకి పొయ్యిలో పెట్టాను. భగ్గున అంటుకున్నాయి. లోపల ఏవో చిటపట పేలుతుంటే, పేలాలు వేగినట్టుందని నవ్వుకున్నాను కూడా.

పగటికి నాయనమ్మ గింజల కోసమే వచ్చింది. గోడమీద పిడకలు ఊడిన నాలుగు తెల్లటి గుండ్రటి మచ్చలు చూసింది, పొయ్యి వైపు చూసింది. చతికిలబడి పుల్లతో బూడిద కెలికింది. నల్లబడ్డ గింజ ఒకటి దొరికితే గోటితో చిదిపింది. బొగ్గు. వీపు పగులుతుందని నేను మూలకు నక్కాను. ఆమె లేచి కాళ్లు కడుక్కుని, నా రెక్క పట్టుకుంది.

"నడువు. పిడికెడు పిడికెడు ఇచ్చిన, ఎవలింట్లనన్న నాలుగు గింజలుండయా?"

ముందు పక్కింటి అత్త దగ్గరికి పోయాం. ఎలుకలు తిన్నాయని చెప్పింది నాయనమ్మ. నేను తల ఎత్తి ఆమె ముఖం చూశాను. నావైపు చూడలేదు.

"అయ్యో, మా దగ్గరేడియి పెద్దమ్మా," అంది అత్త. "నీ గోడకుంటయి గదా అని మా గింజలు ఏంచుకొని తిన్నం. పిలగాండ్లకు పొద్దుపోవద్దా మరి!"

ఎదురింటాయన గింజల మాట వింటేనే నవ్వాడు. "ఈయేడు చేనంత పల్లికాయనే వదినా. వరంగల్ సేటు ఇత్తనం ఇచ్చిండు, పంటంత ఆయనే కొంటడు. జొన్ననే లేదు, నీ దోస ఏడ పెట్టాలె?"

ఇల్లిల్లూ తిరిగి చివరికి పటేలు వాకిట్లోకి పోయాం. ఊరి ఆడవాళ్లు సగంమంది అక్కడ వెట్టికి వడ్లు దంచుతున్నారు. పటేలు భార్య, మా ఊరి దొరసాని, అరుగు మీద కూర్చుంది. నాయనమ్మ మళ్లీ ఎలుకల మాటే చెప్పింది.

"పేడల గింజను ఎలుక తింటదానె? ముసలితనానికి మతి పోయిందా?" అంది దొరసాని. "అయినా ఆ మొద్దు కాయ ఎందుకే! హనుమకొండ అంగడిల పల్చటి తోలు దోసకాయలు రాశులు పోస్తున్నరు."

రోకళ్లు ఆపి అందరూ నవ్వారు. మా నాయనమ్మ తల దించుకుంది. అప్పటిదాకా నేను ఆ తల దిగడం చూడలేదు. నాకు ఏడుపు పొంగింది. "ఎలుకలు కాదు! నేనే కాల్చిన!" అని అరిచాను.

నాయనమ్మ నన్ను తన కొంగులోకి లాక్కుని, ఒక్కొక్కరినీ చూసింది.

"ఇన్నరా? ఇది పసిది, తెల్వక కాల్చింది. మీరు పెద్దలు, తెలిసి తిన్నరు. ముదిరిన ఎండల దొరసాని వంటింట్లకు పది కాయలు మోసింది నేను. అప్పుడు మొద్దు కాయ గాలే?"

ఆ మాటకు శిక్షగా మా నాయన పటేలింట్లో వారం రోజులు ఎక్కువ వెట్టి చేశాడు. మా నాయనమ్మ మాత్రం మాట వెనక్కి తీసుకోలేదు.

ఇంటికి వస్తూ ఒక్కటే అంది. "ఒక్క గోడను నమ్ముకునుడు నా తప్పు బిడ్డా. నీకు చెప్పకపోవుడు ఇంకో తప్పు."

ఆ తర్వాత ములుగు అంగడి, ఏటూరునాగారం అడవి ఊళ్లు, ఎక్కడికి పోయినా అడిగింది. దోసలు దొరికాయి, ఆ దోస దొరకలేదు. మరుసటి ఎండాకాలం మేము ఉప్పు, మిరపకాయ నంజుకుని గటక తాగాం. మా తమ్ముడు పులుసు కావాలని ఏడిస్తే నాయనమ్మ లేచి బయటికి పోయేది.

ఇప్పుడు నా మనవడు పొట్లాల్లో గింజలు తెస్తాడు. వాటికి కాసిన కాయ గింజ మళ్లీ నాటితే తల్లిలాగా కాయదు. ఇదేమిటిరా అంటే, "దుకాణంల దొరుకుతయి గదా నానమ్మా, ఫికరెందుకు?" అంటాడు. నాకు ఒళ్లు మండిపోతుంది. ఎన్ని రకాల వంకాయలు, ఎన్ని రకాల చిక్కుళ్లు ఈ ఒక్క మాటతో మట్టిలో కలిసిపోయాయో! ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉంటుందని అందరూ నమ్మిన వస్తువు చివరికి ఎవరి దగ్గరా ఉండదు.

అందుకే నా పెరటి చిక్కుడు గింజ నాలుగిళ్లలో పెడతాను. పెట్టి ఊరుకోను. వానలకు ముందు కట్టె పట్టుకుని గడప గడపకూ పోయి, "ఉన్నయంటే నమ్మ, తీసి చూపియ్యి" అంటాను. తిన్నామన్న వాళ్లతో కొట్లాడతాను. గయ్యాళి ముసలి వస్తోందని పిల్లలు ముందే ఉరుకుతారు. ఉరకనీ. ఆ పిల్లలనే ఆపి, వాళ్ల అరచేతిలో గింజ పెట్టి, దాని పేరు మూడుసార్లు చెప్పించాకే వదులుతాను.

మీ ఇల్లు చల్లగుండాలి. మీ పెరట్లో కాసింది మీ కడుపుకూ చాలాలి, పొరుగింటి కడుపుకూ చాలాలి, ఇంకో వానకు గింజై మిగలాలి.