రబ్బరు చక్రం కోసం కామాఠిపురా దాకా

తప్పు నాదే, ముందే ఒప్పుకుంటున్నాను. మా ఇంట్లో పాత స్పూల్ టేప్‌రికార్డర్ ఉంది. అందులో టేపును లాగే చిన్న రబ్బరు చక్రం జిగురైపోతే పీకి చెత్తబుట్టలో పారేశాను, కొత్తది ఆన్‌లైన్‌లో దొరక్కపోతుందా అనుకుని. మూడుసార్లు తెప్పించాను, మూడూ సరిపోలేదు. ఈలోగా మా అమ్మకు కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది కూడా ఎన్నాళ్లో ఉండదన్నాడు డాక్టరు. ఆ టేపులో ఉన్నవి పోయిన మా మేనమామ పాడిన తత్వాలు. "వినబడినన్ని దినాలన్నా మా తమ్ముని గొంతు వినిపియ్యిరా" అంది అమ్మ. ఇక ఉండబట్టలేక హైదరాబాదులో ముంబై బండెక్కాను.

పొద్దున దాదర్‌లో దిగి, ఐదు రూపాయల లోకల్ టికెట్‌తో గ్రాంట్ రోడ్ చేరేసరికి తొమ్మిదిన్నర. అక్కడినుంచి నడకే. నాగ్‌పాడాలో పాత సామాన్ల దుకాణాలు తెరిచేదే పదిన్నర దాటాక, కాబట్టి నాలాగా పరిగెత్తి లాభం లేదు. నాలుగు దుకాణాలు తిరిగాను. నలుగురిదీ ఒకటే మాట, పాత ముక్క చూపించమని. ఫోన్‌లో ఫొటో చూపిస్తే నవ్వారు. ఫొటో పెట్టి కొలుస్తామా అన్నాడొకాయన. ఒళ్లు మండింది గానీ ఏమనగలను? నాలుగో దుకాణం అతనే చివరికి "మీ తెలుగాయన ఒకడున్నాడు" అంటూ ఫోరస్ రోడ్ దాటాక కామాఠిపురాలో ఓ చాల్‌కి, ఒంటిగది ఖోలీల పాత మేడకి, దారి చెప్పాడు.

ఎల్లయ్యది ఆ చాల్‌లో మెట్ల కింద గూడంత కొట్టు. తాతల నాడు పాలమూరు నుంచి కట్టడం పనికి వచ్చిన కుటుంబం. మా సెట్టు కంపెనీ పేరు చెప్పగానే లేచి, నాలుగేళ్లుగా అటక మీద పడున్న టేప్‌రికార్డర్ ఒకటి దించాడు. అచ్చం మాదే. మూత తీస్తే చక్రం చక్కగా ఉంది. ప్రాణం లేచొచ్చింది. చెయ్యి చాపేలోగా మూత పెట్టేశాడు.

"ఇది పైన ఖోలీల ఉండే లక్ష్మవ్వది, బాగుచెయ్యనిచ్చింది. ఆమెనడగంది ఇప్పను."

"నాలుగేళ్లుగా ఇక్కడే పడుంది కదండీ!"

"పడున్నా ఆమెదే. ఇండ్లల్ల వంట చేస్తది, మూడింటికొస్తది. కూసో."

"ఫోన్ చెయ్యండి."

"పనిల ఎత్తదు."

రెట్టింపు ఇస్తానన్నాను. ఆయన నాకు టీ చెప్పాడు. పదకొండున్నర నుంచి ఆ మెట్ల మీద కూర్చుని, ఆయన్నీ ఆయన పద్ధతినీ మనసులో తిట్టుకోని నిమిషం లేదు.

మూడుంపావుకి లక్ష్మవ్వ వచ్చింది. అరవై దాటి ఉంటాయి. నేను అమ్మ సంగతంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఆమె ఎల్లయ్య వైపు తిరిగింది.

"అది తీస్తే మా ఆయన సెట్టు ఇగ పాడదు గద?"

"పాడదు" అన్నాడు ఎల్లయ్య.

ఆమె ఆ సెట్టు మీది దుమ్ము కొంగుతో తుడిచింది. ఇంతసేపూ నేను విసుక్కున్నది ఈ ఒక్క మాట ఆమెను అడగాల్సి వచ్చినందుకా అని సిగ్గేసింది.

"మీ అమ్మకు చెవులు పోతున్నయంటివి" అంది చివరికి. "నాకున్నయి గానీ వినేతందుకు టైమ్ లేదు. తీస్కపో బాబా."

విప్పినందుకు ఎల్లయ్య రెండొందలు తీసుకున్నాడు. లక్ష్మవ్వ ఏమీ తీసుకోలేదు. దొరకని సామాను అంటుంటాం గానీ, అది ఎక్కడో ఒక ఇంట్లో ఉండనే ఉంటుంది, ఇవ్వాల్సింది ఆ ఇంటివాళ్లు. మీరూ ఇలాంటి పని మీద బయల్దేరితే ఒక్కటే మాట: పాత ముక్క ఎంత పాడైనా పారేయకుండా పొట్లం కట్టి వెంట తీసుకెళ్లండి. ఇంటికొచ్చి చక్రం బిగించాను. అమ్మ ఎడమ చెవి స్పీకరుకు ఆనించి, పాట అయ్యేదాకా కదల్లేదు.

"ఆ దినం వానికి సర్ది చేసుండెరా" అంది. "ముక్కుతోని పాడిండు."