ఫ్యూజు తీసిన సీటు

నేను దయ్యాలను నమ్మను. అది నాకు అభిప్రాయం మాత్రమే కాదు, దాదాపు వృత్తి. మీసాలు సరిగా రాని వయసులో మొదలుపెట్టాను. ఇప్పుడు మోకాళ్లు అరిగాయి, గొంతు బొంగురుపోయింది, ఇంకా అదే చెబుతున్నాను. బాణామతి అబద్ధం. చేతబడి అబద్ధం. నిమ్మకాయ కోస్తే కారే నెత్తురు రసాయనం. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఏ ఊళ్లో ఏ ఆడమనిషి మీద నింద పడినా నా ఫోను మోగుతుంది. వెళ్తాను, వాదిస్తాను, తిట్లు తింటాను, తిరిగొస్తాను. ఏడాది తిరిగేసరికి అదే ఊరి నుంచి మళ్లీ ఫోను వస్తుంది.

ఈ నాలుగు పేజీలు చదివి నా ప్రత్యర్థులు సంబరపడతారని తెలుసు. పడనివ్వండి. వాళ్లతో కొట్లాడే ఓపిక ఈ మధ్య తగ్గింది. జరిగింది జరిగినట్టు రాయడానికి మాత్రం సరిపడా ఉంది.

ముందు కారు సంగతి చెప్పాలి. అది పాతది, విదేశీ రకం. కరీంనగర్‌లో ఒక డాక్టరు గారు వాడి, ఆయన బావమరిది వాడి, ఇద్దరికీ విసుగొచ్చాక నా చేతికి వచ్చింది. దాని ముందు సీట్లు రెండింటిలోనూ హీటర్లు ఉన్నాయి. బటన్ నొక్కితే సీటు వెచ్చబడుతుంది. మంచు కురిసే దేశాల కోసం పెట్టిన సౌకర్యం. మే నెలలో తారు రోడ్డు చెప్పుకు అంటుకునే ఊళ్లో దీని గురించి ఎవరికి చెప్పినా నవ్వేవారు. కానీ నాది నడుము నొప్పి. చలికాలం తెల్లవారి ఆసిఫాబాద్ వైపు వెళ్లాల్సి వస్తే ఆ వెచ్చదనం నాకు మందు.

నా సీటు బాగానే పనిచేసేది. పక్క సీటు నేను కొన్నప్పటి నుంచీ చల్లగానే ఉండేది. పట్టించుకోలేదు. ఒకరోజు ఆ సీటు నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. భయపడి ఖలీల్ భాయ్ దగ్గరకు తీసుకుపోయాను. ఆయన కార్ల వైరింగ్ పని చేస్తాడు. నా కారునూ, నా వాదాలనూ చాలాకాలంగా భరిస్తున్న మనిషి.

"క్యా సార్, కరీంనగర్ల పైసలిచ్చి కింద మంట వెట్టుకునేటోళ్లు మీరొక్కరే," అన్నాడు. "ఎండకాలం ఊరందరికి ఫ్రీగ దొరుకుతది గదా."

సీటు విప్పి బయట పెట్టాడు. ముందు ఫ్యూజు చూశాడు, బాగానే ఉంది. రిలే బాగుంది. బటన్ దాకా కరెంటు వస్తోంది. సీటు కింద వైర్లు కలిసేచోట కూడా వస్తోంది. అక్కడి నుంచి సీటు లోపలికి పోయే వైర్లకు మీటరు పెట్టాడు. మీటరు కుయ్యనలేదు. తొడుగు తీసి చూపించాడు. లోపల దుప్పటి ముక్కలా పరిచిన హీటరు, అందులో వంకర్లు తిరిగిన సన్నటి తీగ. ఆ తీగ రెండుచోట్ల కాలి తెగిపోయి ఉంది. కొత్తది కావాలంటే విలాయత్ పోవాలె అన్నాడు. వద్దన్నాను.

సీటు కిందికి వచ్చే వైర్లను కత్తిరించి, కొసలకు విడివిడిగా టేపు చుట్టాడు. ఫ్యూజు పీకి నా చేతిలో పెట్టాడు. "ఇగ ఫికర్ లేదు సార్. గీ సీటుకు పానం పోయింది."

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ సీటు వేడెక్కడానికి దారి లేదన్నది నా ఊహ కాదు. నా కళ్లతో చూశాను.

ఆ చలికాలమే ఆసిఫాబాద్ అవతల ఒక ఊరి నుంచి ఫోను వచ్చింది. ఊరి పేరు రాయను. ఆమె పేరూ రాయను, మల్లమ్మ అనుకుందాం. భర్త పోయాడు. పత్తి ఏరే కూలికి పోయి బతుకుతుంది. పక్కింటి కోడలికి రెండుసార్లు కడుపు నిలవలేదు. ఎవరో మంత్రగాడు వచ్చి అంజనం వేసి మల్లమ్మ ఇంటి వైపు వేలు చూపించాడు. అంతే. పెద్దమనుషులు కూర్చుని తీర్పు చెప్పారు. కాగే నూనెలో రూపాయి బిళ్ల వేస్తారు, మల్లమ్మ చేత్తో తీయాలి. చేయి కాలకపోతే తప్పు లేనట్టు.

వెళ్లి ఆ రోజంతా వాదించాను. గర్భం ఎందుకు నిలవదో చెప్పాను. కోడలిని మంచి ఆసుపత్రిలో చూపిద్దాం, వెంట నేనొస్తానన్నాను. ఒక పెద్దమనిషి తల ఊపి, "అన్నీ నిజమే సార్. మరి గిట్ల ఎందుకైందో మాకు ఎర్క గావాలె గదా," అన్నాడు. పరీక్షను మంగళవారానికి వాయిదా వేశారు. నేను సాధించింది అదే.

వాదనలో గెలవలేనప్పుడు మనిషిని తప్పించడమే మిగులుతుంది. ఇది నేను సభల్లో చెప్పను.

మరునాడు పొద్దున్నే మల్లమ్మను కారెక్కించుకుని శ్రీరాంపూర్ బయలుదేరాను. ఆమె బిడ్డ అక్కడ ఉంటుంది. అల్లుడు బొగ్గు గనిలో పని. అతను మంచివాడే గానీ పిరికివాడని మల్లమ్మే చెప్పింది. నింద సంగతి అతనికి సగమే తెలుసు. పొలం తగాదా అని సర్ది చెప్పారు. పూర్తిగా తెలిస్తే చిన్నపిల్లలున్న ఇంట్లోకి ఆమెను రానివ్వడు. ఆమెకు మిగిలిన చూరు అదొక్కటే.

వెనక సీటు నిండా ఆమె సామాను. రేకు పెట్టె, బియ్యం సంచి, బొంత, కాళ్లు కట్టిన రెండు కోళ్లు. అందుకని నా పక్కన కూర్చుంది. పొగమంచు దట్టంగా ఉంది. కొంగు చెవుల మీదుగా కప్పుకుని, ఒదిగి, సీటు అంచున కూర్చుంది. అంత ఖరీదైన సీటులో పూర్తిగా కూర్చోవడానికి అనుమతి కావాలేమో అన్నట్టు.

ఊరు దాటి కొంతదూరం వచ్చాక వెనక్కి ఆనుకుంది. ఆ తర్వాత అడిగింది.

"సారూ, గీ సీటు కింద కుంపటి వెట్టినవా?"

"లేదు చెల్లె. ఎందుకు?"

"ఏమో. మంచిగ ఎచ్చగున్నది."

ఒంటి వేడి అనుకున్నాను. భయంతో జ్వరం వచ్చిందేమో అని కూడా అనుకున్నాను. ఇంకొంత దూరం పోయాక ఆమె కదిలి కూర్చుంది. "ఇగ కాలుతున్నది సారూ," అంది.

చేయి చాచి ఆమె పక్కన సీటు అంచు తాకాను. ఇస్త్రీ చేసి అప్పుడే తీసిన చొక్కాలా ఉంది.

కారు పక్కకు ఆపాను. కాలిన వాసన గుర్తొచ్చి నిప్పంటుకుంటుందని భయపడ్డాను. ఆమెను దిగమన్నాను. ఫ్యూజుల పెట్టె తెరిచాను. ఆ ఫ్యూజు ఉండాల్సిన చోటు ఖాళీ. బటన్ దీపం వెలగడం లేదు. వంగి సీటు కింద చేయి పెట్టి చూశాను. టేపు చుట్టిన కొసలు విడివిడిగానే ఉన్నాయి. ఈ లోపల సీటు చల్లబడింది. పొగమంచులో ఇనుము చల్లబడ్డట్టు, తొందరగా.

నేను ఆ సీటులో కూర్చున్నాను. ఏమీ లేదు. ఇంజన్ ఆన్‌లోనే ఉంది, కింది పొగగొట్టం వేడి పైకి వస్తే నాకూ తగలాలి. తగల్లేదు.

ఆమెను కూర్చోమన్నాను. కూర్చుంది. కాసేపటికి సీటు వేడెక్కింది. ఈసారి వీపు ఆనేచోట కూడా తాకి చూశాను. ఆమె ఒళ్లు తగలని అంచుల దాకా వేడి ఉంది. ఆ హీటరు పరిచి ఉన్న మేర.

మళ్లీ దిగమన్నాను. దిగింది. చల్లబడింది. నా సీటు హీటరు కట్టేసి మళ్లీ కూర్చోమన్నాను. వేడెక్కింది.

మూడోసారి దిగమన్నప్పుడు ఆమె దిగలేదు. నేను చేస్తున్నది శాస్త్రం అనుకున్నాను. కారణం వెతకాలంటే ఒక్కోటి మార్చి చూడాలి, సభల్లో పిల్లలకు నేనే చెబుతాను. ఆమెకు కనిపించింది వేరు.

"నువ్వు సుత పరీక్ష వెడుతున్నవా సారూ?"

నా చేయి సీటు మీద నుంచి జారిపోయింది. కారు పాతది, వైర్లు పాడయ్యాయి, నీకేం సంబంధం లేదని ఏదేదో చెప్పాను. ఆమె వింటూ కోళ్ల వైపు తిరిగి వాటిని సర్దింది. తర్వాత చాలా మెల్లగా అంది, "ఎవ్వలకు చెప్పకు. నా బిడ్డ ఇల్లు గూడ పోతది."

చెప్పనన్నాను. కారు కదిలింది. ఆ తర్వాత ఆ వేడి ఆమెను కాల్చలేదు. అడిగితే, ఇప్పుడు తగ్గింది, బాగుంది అంది. బెల్లంపల్లి రాకముందే నిద్రపోయింది. ఎన్ని రాత్రుల నుంచి నిద్ర లేదో, నోరు తెరుచుకుని, గురక పెట్టి పడుకుంది. శ్రీరాంపూర్‌లో బిడ్డ వచ్చి లేపేదాకా లేవలేదు. అల్లుడు బియ్యం సంచి భుజాన వేసుకుని, "రా అత్తా, చాయ్ తాగు," అన్నాడు. ఆమె దిగిన తర్వాత సీటు తాకలేదు. తాకాలనిపించలేదు.

కరీంనగర్ వచ్చాక ఖలీల్ భాయ్ దగ్గరకు పోయాను. సీటు వేడెక్కిందని చెప్పాను. నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి సీటు విప్పాడు. మళ్లీ అన్నీ చూశాడు. తీగ తెగిన చోట తెగే ఉంది. మీటరు మూగే. ఒక్క తేడా కనిపించింది. కొసలకు చుట్టిన టేపు జిగురు కరిగి వైరు వెంట కారి గట్టిపడింది. చుట్టిన టేపు మాత్రం ఊడలేదు. ఆయన దాన్ని గోటితో గీకి చూశాడు.

"ఎవరు కూసున్నరు సార్ గిండ్ల?"

"నేనే."

"మీరు గిండ్ల కూసుంటే బండి ఎవరు నడిపిండ్రు?"

ఇన్నేళ్లు అబద్ధాలు పట్టుకునే పని చేసినా, అబద్ధం ఆడటం రాలేదు.

ఆయన గుచ్చి అడగలేదు. "డాక్టర్ కాడ సగం చెప్తే బీమారి దొరకది సార్. గా మనిషిని ఒక్కసారి తోలుక రాండ్రి. మీటర్ పెట్టి కూసోవెడత. జర సేపే. అయితదా, కాదా, తేలిపోతది."

తేలిపోతుంది నిజమే. ఇదే మాట మంగళవారానికి పరీక్ష పెట్టుకున్న పెద్దమనుషులూ అన్నారు.

నేను ఆమెను తీసుకురాలేదు. ఇప్పటికీ ఖలీల్ భాయ్ అడుగుతుంటాడు, పరేషాన్ అవుతుంటాడు. దొరకని వైరింగ్ తప్పు ఆయనకు పంటిలో ఇరుక్కున్న పీచు.

నాకు తోచిన కారణాలన్నీ రాసేస్తాను, ఎవరికైనా పనికొస్తాయేమో. జ్వరం కావచ్చు. కానీ ఒళ్లు తగలని అంచు ఎందుకు వేడెక్కింది? చలికి నా వేళ్లు మొద్దుబారి గోరువెచ్చనిది వేడిగా తోచి ఉండవచ్చు. దీన్ని నేను ఎక్కువ నమ్మాను. అయితే టేపు జిగురును ఏ వేళ్లు మోసం చేశాయి? ఆమె చీర మంచుకు తడిసింది, తడి వల్ల ఎక్కడో కరెంటు కలిసి ఉండవచ్చు. ఫ్యూజు లేని, తెగిన తీగలోకి కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పగలిగినవాళ్లు ఇంకా దొరకలేదు. నా ప్రత్యర్థులు చెప్పే కారణం నాకు తెలుసు. ఆ కారణం ఒక మనిషి చేతిని నూనెలోకి పంపుతుంది. అది కారణం కాదు, తొందర.

పోయిన నెల శ్రీరాంపూర్ వైపు పని పడి ఆమెను చూసి వచ్చాను. బిడ్డ ఇంటి ముందు కూరగాయలు పెట్టుకుని అమ్ముతోంది. ఊరికి తిరిగి పోలేదు. అక్కడి ఇల్లు తాళం వేసే ఉంది. నన్ను పక్కకు తీసుకుపోయి నవ్వుతూ అడిగింది, "గా కారున్నదా, అమ్మినవా?"

"ఉన్నది."

"దొరికిందా, ఎందుకు గట్లయిందో?"

"లేదు. ఎంత వెతికినా నాకు తెల్వలేదు చెల్లె. దాని గురించి రాయాలనుకుంటున్న. నీ పేరు, ఊరి పేరు ఉండవు. వద్దంటే రాయను."

టమాటాల మీద నీళ్లు చిలకరించింది.

"తెల్వదని రాస్తవా? ఇంకేం కలపవు గదా?"

"కలపను. తెల్వదనే రాస్త."

"రాయి మరి," అంది. "మా ఊరోళ్లు గా ఒక్క మాట అనుంటే, నేనియ్యాల నా ఇంట్ల ఉంటుంటి."