బల్ల మీద వెలిగిన బల్బు

నంద్యాలలో లారీలు బాగుచేసే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. బల్బు కళ్లెదుట వెలుగుతున్నా అరచేత్తో పట్టుకుని చూస్తే గాని నమ్మేవాడు కాదు.

ఆయన ఇల్లు మాత్రం ఆళ్లగడ్డలో. ఆ ఇంటికి ఇంకా కరెంటు రాలేదు. కిరసనాయిలు పొగ పడక భార్యకు విడవని దగ్గు. ఆమె కోసం పాత లారీ డైనమోకు చెక్క రెక్కలు బిగించి గాలిమర తయారు చేశాడు. నంద్యాల షెడ్డులో బల్ల మీద పెట్టి ఇంజను బెల్టుతో జోరుగా తిప్పితే బల్బు తెల్లగా వెలిగింది.

ఆ గాలిమరను ఇంటి మిద్దె మీద నిలబెట్టిన సాయంత్రం, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నేనూ ఉన్నాను. రెక్కలు బద్ధకంగా తిరిగాయి. ఇంట్లో బల్బు తీగ ఎర్రబడనైనా లేదు. ఆయన ఆ బల్బును రెండు చేతులా చాలాసేపు పొదివి పట్టుకున్నాడు.

"ఏమే, తాకి చూడు. ఎచ్చగుండాదా?"

ఆమె తాకింది. "ఎచ్చగానే ఉండాదిలే. రా, సంగటి సల్లారతాండాది."

ఆ వెచ్చదనం ఆయన అరచేతులది. ఆమె దగ్గుకుంటూ పోయి కిరసనాయిలు బుడ్డి వెలిగించింది.