రికార్డు మీద ముల్లు దించే చెయ్యి

ఈ రోజు ఆదివారం. మా ఆడపడుచు పోయి మూడు వారాలైంది. పొద్దున్నే పాలకని దిగి మెట్ల మీదే కూలిపోయిందని పక్కవాళ్ళు ఫోన్ చేశారు. గాజువాక నుంచి మేం వెళ్ళేసరికే అంతా అయిపోయింది. ఆవిడ రికార్డులు, వాటిని వాయించే యంత్రం నిన్న మా ఇంటికి చేరాయి. వాటి ముందు జరిగింది చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఆవిడ పోర్టులో టెలిఫోన్ ఆపరేటర్. పెళ్ళి చేసుకోలేదు. ఓడల వాళ్ళు అమ్ముకుపోయిన విదేశీ వస్తువులు దొరికే దుకాణం ఒకటి అప్పట్లో హార్బరు దగ్గర ఉండేది. అక్కడే ఆవిడకు రాక్ సంగీతం పట్టుకుంది. ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్ములు, అట్టల మీద జుట్టు విరబోసుకున్న మగవాళ్ళు. మావారికీ అంటించింది. స్టీల్ ప్లాంటులో వారమంతా మోత విన్న మనిషి ఆదివారం కూడా చెల్లెలింటికి మోత వినడానికే వెళ్ళేవారు. కొత్తగా పెళ్ళైనవాళ్ళం, కొన్నాళ్ళకు మానేస్తారులే అనుకున్నాను. రిటైరయ్యాక కూడా మానలేదు.

నేనూ వెళ్ళేదాన్ని. ఆవిడకు వంట గిట్టదు కాబట్టి వంటిల్లు నాది, ముందుగది వాళ్ళిద్దరిది.

"కూకో వదినా. రికార్డు ఒకేపు మొదలెడితే అయిపోయీదాకా ఎవులూ లెగకూడదు. మజ్జిలో లెగిస్తే పాటకి కోపమొచ్చీస్తాది."

"పాటకి వస్తే రానీ. అన్నం మాడితే మీ అన్నయ్యకి వస్తుంది."

"అన్నియ్యకి తెలుస్తాదేటి? సూడు, కళ్ళు మూసీసినాడు."

నిజమే. ఆ రోజు మాడిన అన్నం తిని కూడా ఆయన ఏమీ అనలేదు.

ఆ పాటల మీద నాకు కోపం లేదు. డ్రమ్ము మీద దెబ్బ పడే చోట ఇద్దరూ ఒకేసారి వేలెత్తేవారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే. గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి అది చూసేదాన్ని. నా కాపురంలో మేమిద్దరం ఒకేసారి వేలెత్తిన సందర్భం నాకు గుర్తు లేదు. ఏ రికార్డు మీద ఎక్కడ గీత పడిందో ఆయనకు తెలుసు. నేను కళ్ళజోడు మార్చిన సంగతి మాత్రం తెలియదు.

అయినా ఆవిడ చేసింది చేసినట్టు చెప్పాలి. నాకు కంటి ఆపరేషన్ అయితే మా ఇంట్లోనే ఉండిపోయింది. చుక్కలు వేస్తే ఒక్కటీ చెంప మీద పడలేదు. ఉన్నన్నాళ్ళూ పాట పెట్టలేదు.

"పెట్టుకోవచ్చుగా?" అన్నాను.

"నీకు కళ్ళు మూసుంటే, సెవులు కూడా మూసుకోమంటానేటి వదినా?" అని నవ్వింది.

రికార్డు మీద ముల్లునూ అలాగే ఊపిరి బిగబట్టి దించేది. అన్నగారు రికార్డు తుడిచి తిప్పుడు పళ్ళెం మీద పెట్టాలి, ముల్లు ఆవిడ దించాలి. వాళ్ళ పద్ధతి అది. కొన్నేళ్ళుగా ఆయన చేతులు వణుకుతున్నా ఆ పద్ధతి వల్లే పాట ఆగలేదు.

నిన్న ఆయన ఒక రికార్డు తీసి, తుడిచి, పెట్టారు. తరవాత తానే ముల్లు ఎత్తారు. చెయ్యి వణికి అది బర్రున గీసుకుపోయింది. రికార్డు తీసి అట్టలో పెట్టేశారు.

"తాతయ్యా, నేను పెట్టనా?" అంది మనవరాలు.

"వద్దమ్మా."

"పోనీ ఫోన్లో పెడతాను. అదే పాట ఉంది."

"వద్దన్నాను కదా."

"నేను పెడతాను," అన్నాను. కెమిస్ట్రీ లేబ్‌లో పిల్లలకు త్రాసు పట్టడం నేర్పినదాన్ని. ఈ వయసులోనూ నా చెయ్యి వణకదు.

ఆయన నా వైపు చూడలేదు. "అది చెల్లి పని," అన్నారు.

పోయిన మనిషికి కూడా నా ఇంట్లో ఒక పని ఉంది. పక్కనే ఉన్న నాకు లేదు.

వంటింట్లోకి మనవరాలు నా వెనకే వచ్చింది. "ఆవిడ మీద ఇంకా కుళ్ళేనా మామ్మా?"

"కుళ్ళే," అన్నాను. "కందిపప్పు డబ్బా ఇలా ఇయ్యి."

పొద్దున్నుంచి ఆయన ఆ యంత్రం ఎదుట ఊరికే కూర్చుని ఉన్నారు. చెల్లెలు పోయిన రోజున కూడా మనిషిని ఇలా చూడలేదు. ఇలా వదిలేస్తే ఆయన ఇక ఏ పాటా వినరు. అందుకని ఈ ఇంట్లో ఇకమీదట జరగవలసినవి రాస్తున్నాను.

1. రికార్డులు నిలువుగానే ఉండాలి. ఒకదాని మీద ఒకటి పేర్చినవాళ్ళు నాకు జవాబు చెప్పాలి.

2. గీసుకుపోయిన ముల్లు తీసెయ్యాలి. కొత్తది మనవరాలు తెప్పిస్తుంది.

3. ఆయన నడకకు వెళ్ళినప్పుడల్లా, పాడైన రికార్డు మీద ముల్లు దించడం నేను నేర్చుకుంటాను.

4. వచ్చే ఆదివారం వంట ముందే అయిపోవాలి. ఒక వైపు పూర్తయ్యేదాకా నేను లేవను.

5. ఆయన ఎలాగూ కళ్ళు మూసుకుంటారు. అప్పుడు పక్కన ఎవరున్నారనుకుంటారో నేను అడగను. పాట అయ్యాక ముల్లు ఎత్తేది నేనే. కళ్ళు తెరిస్తే కనిపించేదీ నేనే.